ఇంగ్లండు చదువు – లెక్క తెలిసి బయలుదేరుదాం



వార్షికోత్సవ సంచికకు ఏదైనా వ్రాసి పంపమన్నప్పుడు ఇంగ్లండు చదువు గురించే వ్రాయాలనుకున్నాను. ఈ సంవత్సర కాలంలో గూడూరు నుండి నాకు ఫోను చేసినవారందరూ దాదాపు ఒకే మూడు ప్రశ్నలు అడిగారు. అక్కడ చదవడానికి ఎంత ఖర్చవుతుంది? పార్ట్‌టైమ్ పని చేసి ఆ డబ్బు అక్కడే సంపాదించుకోవచ్చంటారు, నిజమేనా? మనలాంటి ఇళ్లనుండి వెళ్లినవాళ్లు అక్కడ బతకగలరా?

చివరి ప్రశ్నకు ముందే జవాబు చెబుతాను. బతకగలం. హాస్టల్లో పెరిగినవాళ్లం ఇంకా సులభంగా బతకగలం. రెండో ప్రశ్నకు మాత్రం జవాబు "కాదు" అనే చెప్పాలి. ఆ "కాదు" ఎందుకో అంకెలతో సహా తెలియాలి. ఎందుకంటే తెలియక అప్పు చేసి వెళితే, ఆ అప్పు మోసేది మనం ఒక్కరమే కాదు. కూలికి పోయే మన అమ్మానాన్నలు కూడా మోయాలి.

నేను ఉంటున్నది లెస్టర్ అనే నగరంలో. కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్పుతో ఇక్కడ పి.జి. చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. అందువల్ల ఇవన్నీ ఇంట్లో అడిగి తెలుసుకునే వీలు నాకూ లేకపోయింది. అలాంటి వీలు లేనివారి కోసమే ఈ వ్యాసం.

లెస్టర్ ఎలాంటి ఊరు?

ఇంగ్లండు అనగానే మనకు లండనే గుర్తుకొస్తుంది. కానీ మన తెలుగు విద్యార్థులలో చాలామంది ఉండేది లెస్టర్, కొవెంట్రీ, షెఫీల్డ్ వంటి నగరాలలో. 2021 జనాభా లెక్కల ప్రకారం లెస్టర్ జనాభా 3,68,600. అంటే నెల్లూరు కంటే చిన్న ఊరే. లండన్ నుండి రైలులో గంటా పది నిమిషాల ప్రయాణం. దూరం మన గూడూరు నుండి చెన్నైకి ఉన్నదానికంటే కాస్త ఎక్కువ.

ఒకప్పుడు ఇది మేజోళ్లు, అల్లిక దుస్తులు, బూట్లు తయారుచేసే కార్మికుల ఊరు. ఇక్కడ రెండు విశ్వవిద్యాలయాలున్నాయి. ఒకటి లెస్టర్ విశ్వవిద్యాలయం. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయినవారి జ్ఞాపకంగా 1921లో కాలేజీగా మొదలై, 1957లో విశ్వవిద్యాలయమయింది. దాని మొదటి భవనం అంతకుముందు మానసిక రోగుల ఆసుపత్రి. మనిషిని గుర్తుపట్టే డి.ఎన్.ఎ. ఫింగర్‌ప్రింటింగ్ పద్ధతిని 1984లో అలెక్ జెఫ్రీస్ కనిపెట్టింది ఈ విశ్వవిద్యాలయంలోనే. రెండవది డి మాంట్‌ఫోర్ట్ విశ్వవిద్యాలయం. పాలిటెక్నిక్‌గా ఉన్నదానికి 1992లో విశ్వవిద్యాలయ హోదా వచ్చింది.

లెస్టర్ జనాభాలో ప్రతి ముగ్గురిలో ఒకరు భారతీయ మూలాలు ఉన్నవారు. దీని వెనుక ఒక కథ ఉంది. 1972లో ఉగాండా నియంత ఇదీ అమీన్ అక్కడి ఆసియావాసులను తొంభై రోజుల్లో దేశం విడిచి పొమ్మన్నాడు. వారిలో ఎక్కువమంది గుజరాతీలు. అప్పుడు లెస్టర్ నగర కౌన్సిల్ ఉగాండా పత్రికలో ప్రకటన ఇచ్చింది. మా ఊళ్లో ఇళ్లు, బళ్లు నిండిపోయాయి, దయచేసి రావద్దు అని దాని సారాంశం. అయినా వేలమంది వచ్చారు. మూతపడుతున్న వీధుల్లో కొట్లు తెరిచారు. ఈరోజు అదే ఊళ్లో బెల్‌గ్రేవ్ రోడ్డు మీద దీపావళికి పెట్టే దీపాల అలంకరణ చూడడానికి దేశం నలుమూలల నుండి జనం వస్తారు. రావద్దన్న ఊరే తరువాత వారిని చూపించి గర్వపడింది. ఇది మనం గుర్తుంచుకోదగ్గ విషయం.

అసలు లెక్క

ఇప్పుడు డబ్బు సంగతి. పౌండుకు 115 రూపాయలుగా లెక్కవేస్తున్నాను. మీరు చదివేనాటికి ధర కొంచెం మారవచ్చు.

మొదటిది ఫీజు. మనవంటి విదేశీ విద్యార్థులకు ఒక సంవత్సరం పి.జి. కోర్సుకు కోర్సునుబట్టి, విశ్వవిద్యాలయాన్నిబట్టి సుమారు 16 వేల నుండి 25 వేల పౌండ్లు ఉంటుంది. మధ్యస్థంగా 18 వేలు అనుకుందాం. 20 లక్షల 70 వేల రూపాయలు.

రెండవది బతకడానికి అయ్యే ఖర్చు. ఇది నేను చెప్పే లెక్క కాదు, బ్రిటన్ ప్రభుత్వమే చెప్పేది. లండన్ బయట చదివే విద్యార్థి నెలకు 1,171 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలల ఖర్చు బ్యాంకులో చూపాలని 2025 నవంబరు నుండి నియమం. అంటే 10,539 పౌండ్లు, సుమారు 12 లక్షల 12 వేల రూపాయలు. ఈ డబ్బు వరుసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి. చూపవలసింది తొమ్మిది నెలలకే గాని మనం ఉండేది పన్నెండు నెలలు అని మరువరాదు.

మూడవది వీసా. 2025 ఏప్రిల్ నాటికి వీసా ఫీజు 524 పౌండ్లు ఉండేది. దానితోపాటు ఆరోగ్య సర్‌చార్జి అని సంవత్సరానికి 776 పౌండ్లు ముందే కట్టాలి. ఒక సంవత్సరం కోర్సుకు వీసా పదహారు నెలలు ఇస్తారు కాబట్టి అది 1,164 పౌండ్లవుతుంది. రెండూ కలిపి సుమారు లక్షా 94 వేల రూపాయలు.

విమానం టిక్కెట్టు, వీసాకు తప్పనిసరి అయిన టి.బి. పరీక్ష, ఇంగ్లీషు పరీక్ష, చలి దుస్తులు కలిపి ఒక లక్ష వేసుకోండి. మొత్తం 35 లక్షల 76 వేల రూపాయలు.

ఇక పార్ట్‌టైమ్ సంపాదన. స్టూడెంట్ వీసా మీద డిగ్రీ, పి.జి. చదివేవారు తరగతులు జరిగే కాలంలో వారానికి 20 గంటలకు మించి పని చేయరాదు. ఒక వారం తక్కువ చేసి, మరో వారం ఎక్కువ చేసి సరిచేసుకోవడం కుదరదు. 21 సంవత్సరాలు నిండినవారికి కనీస వేతనం 2026 ఏప్రిల్ నుండి గంటకు 12.71 పౌండ్లు. వారానికి 254 పౌండ్లు. సంవత్సరంలోని 52 వారాలూ ఒక్క గంట తప్పకుండా పని దొరికితే నెలకు సగటున 1,101 పౌండ్లు వస్తాయి.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. నెలకు కావలసింది 1,171. గట్టిగా వస్తే వచ్చేది 1,101. అంటే పూర్తిగా పని దొరికినా తిండికి, అద్దెకు కూడా 70 పౌండ్లు తక్కువే. ఫీజుకు ఒక్క పౌండు కూడా మిగలదు. పొదుపుగా ఉండి ఆ 1,171లో మూడు నాలుగు వందలు మిగిల్చామనుకున్నా, సంవత్సరానికి ఐదు వేల పౌండ్లు కూడా కావు. 18 వేల ఫీజు ఎక్కడ, ఇది ఎక్కడ?

పైగా మొదటి వారంలోనే పని దొరకదు. మా ఇంట్లో ఉండే ఐదుగురిలో ఒకరికి మూడో నెలలో దొరికింది, ఇంకొకరికి క్రిస్‌మస్ రద్దీకి గోడౌనులో ఆరు వారాలు దొరికి పోయింది. వేసవిలో సెలవులు కాబట్టి ఎన్ని గంటలైనా చేయవచ్చని కొందరు చెబుతారు. బి.ఎ., బి.ఎస్సీ. చదివేవారికి అది నిజం. పి.జి. వారికి వేసవి అంటే ప్రాజెక్టు వ్రాసే కాలం. అది సెలవు కాదు. అప్పుడూ 20 గంటలే.

సైకిలు మీద భోజనం పార్సెళ్లు చేరవేసే యాప్ పని చేయరాదు. అది స్వయం ఉపాధి కిందకు వస్తుంది, స్టూడెంట్ వీసా మీద స్వయం ఉపాధి నిషేధం. వేరొకరి ఖాతా అద్దెకు తీసుకుని చేయడం ఇంకా పెద్ద నేరం. దొరికితే వీసా పోతుంది. వీసా పోతే చదువూ పోతుంది, కట్టిన ఫీజూ పోతుంది.

చేతికి డబ్బిస్తాం, రసీదు అడగవద్దు అని గంటకు ఐదారు పౌండ్లకు పని చేయించుకునేవారూ ఉంటారు. 2020లో లెస్టర్ కుట్టు యూనిట్లలో కనీస వేతనం కంటే ఎంతో తక్కువ ఇస్తున్నారని పత్రికల్లో వచ్చి దేశమంతా గగ్గోలయింది. కనీస వేతనం, జీతం చీటీ విద్యార్థులకు కూడా హక్కే. అన్యాయం జరిగితే ఏకాస్ అనే ప్రభుత్వ సహాయ సంస్థకు ఫోను చేసి ఉచితంగా సలహా పొందవచ్చు.

అప్పు సంగతి

కన్సల్టెన్సీలవారు ఫీజు తీసుకోకుండానే అన్నీ చేసిపెడతామంటారు. వారికి విశ్వవిద్యాలయాల నుండి కమీషను వస్తుంది. అందులో తప్పు లేదు. కానీ మనం చేరితేనే వారికి డబ్బు కాబట్టి, చేరవద్దనే సలహా వారినుండి రాదని గ్రహించాలి.

25 లక్షలు నూటికి సంవత్సరానికి 11 వడ్డీతో బ్యాంకు అప్పు తెచ్చామనుకోండి. వడ్డీ ఒక్కటే నెలకు 23 వేలు. బ్యాంకు ఇవ్వని మిగతా పది లక్షలను ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తెస్తే, దానికి నెలకు మరో 20 వేలు. ఇంట్లో నెలకు 43 వేలు వడ్డీ కట్టగల స్థోమత ఉంటే మనం సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఎందుకు చదువుతాం?

బ్యాంకులో చూపవలసిన డబ్బును కొన్నాళ్లకు అద్దెకిచ్చి పత్రాలు తయారుచేస్తామనేవారున్నారు. దానికి ఒప్పుకోవద్దు. దొంగ పత్రమని తేలితే వీసా నిరాకరించడమే కాదు, పది సంవత్సరాలవరకు మళ్లీ రానివ్వరు.

చదువు అయ్యాక ఉద్యోగం వస్తుంది కదా అంటారు. చదువు ముగిసినవారికి ఇక్కడే ఉండి ఉద్యోగం వెతుక్కునేందుకు 2021 జులైలో మొదలైన గ్రాడ్యుయేట్ వీసా రెండు సంవత్సరాలు ఇచ్చేది. 2027 జనవరి 1 నుండి దరఖాస్తు చేసేవారికి డిగ్రీ, పి.జి.లకు 18 నెలలే. ఆ తరువాత ఉండాలంటే కంపెనీ స్పాన్సర్ చేయాలి. అందుకు 2025 జులై నుండి సాధారణంగా సంవత్సరానికి 41,700 పౌండ్ల జీతం ఉండాలి. కొత్తగా చదువు ముగించినవారికి తగ్గింపు ఉన్నా 33,400 పౌండ్లకు తగ్గరాదు. అలాంటి ఉద్యోగాలు వస్తాయి, కొందరికి వచ్చాయి కూడా. కానీ ఆ ఉద్యోగం వస్తుందన్న ఆశ మీద అమ్మానాన్నల ఇల్లు తాకట్టు పెట్టరాదు.

ఇల్లు దొరకబుచ్చుకోవడం

విశ్వవిద్యాలయం వారి హాస్టళ్లలో ఒక్కో విద్యార్థికి ఒక గది ఉంటుంది. అది ఖరీదు ఎక్కువ. మనవాళ్లు ఎక్కువగా నలుగురైదుగురు కలిసి ఒక ఇల్లు అద్దెకు తీసుకుంటారు. లెస్టర్లో నాకు గది అద్దె, గ్యాసు, కరెంటు కలిసి నెలకు 450 పౌండ్లవుతుంది.

ఇక్కడ నోటిమాటకు విలువ లేదు, ఒప్పంద పత్రానికే విలువ. సంతకం చేసేముందు ఈ నాలుగు చూసుకోండి. ఒకటి, అడ్వాన్సు ఐదు వారాల అద్దెకు మించరాదు. దానిని యజమాని ప్రభుత్వం గుర్తించిన డిపాజిట్ రక్షణ పథకంలో 30 రోజుల్లోగా జమచేసి మనకు కాగితం ఇవ్వాలి. రెండు, 2019 జూన్ నుండి ఏజెంట్లు అద్దెదారుల వద్ద బ్రోకరు ఫీజు వసూలు చేయడం నిషేధం. మూడు, ఐదుగురు లేక అంతకంటే ఎక్కువమంది వేరువేరు కుటుంబాలవారు ఉండే ఇంటికి కౌన్సిల్ లైసెన్సు ఉండాలి. నాలుగు, అందరూ కలిసి ఒకే పత్రం మీద సంతకం చేస్తే, ఒకరు అద్దె ఎగవేసినా మిగతావారు కట్టవలసిందే. కాబట్టి ఎవరితో సంతకం చేస్తున్నామో ముఖ్యం.

ఇంట్లో అందరూ పూర్తికాల విద్యార్థులైతే కౌన్సిల్ టాక్స్ ఉండదు. విశ్వవిద్యాలయం ఇచ్చే పత్రాన్ని కౌన్సిల్‌కు పంపాలి. పంపకపోతే బిల్లు వస్తూనే ఉంటుంది.

ఊళ్లో దిగకముందే ఫొటోలు చూసి ఎవరికీ డబ్బు పంపవద్దు. మొదటి రెండు మూడు వారాలకు విశ్వవిద్యాలయం గదో, తెలిసినవారి ఇల్లో చూసుకుని, స్వయంగా చూసి ఇల్లు తీసుకోవడం మంచిది.

చలి, వంట, ఆరోగ్యం

డిసెంబరులో ఉదయం ఎనిమిది దాటితేగాని తెల్లవారదు. సాయంత్రం నాలుగుకే చీకటి పడుతుంది. గూడూరు ఎండలో పెరిగినవారికి చలికంటే ఈ చీకటే కష్టం. మనసు దిగులుగా ఉంటుంది, లేవబుద్ధి కాదు. ఆ రోజుల్లో గదిలో ఒంటరిగా కూర్చోకుండా లైబ్రరీకి వెళ్లి కూర్చోవాలి. అక్కడ వెచ్చగా ఉంటుంది, వెలుతురు ఉంటుంది, డబ్బు కట్టనవసరం లేదు. జూన్‌లో దీనికి పూర్తిగా తిరగబడి రాత్రి తొమ్మిదిన్నరవరకు వెలుతురే.

వంట మనమే చేసుకోవాలి. బియ్యం, కందిపప్పు, చింతపండు, ఎండుమిరపకాయలు లెస్టర్లోని భారతీయ కొట్లలో దొరుకుతాయి. మా ఇంట్లో వంతులవారీగా వండుతాం. ఒకరోజు అన్నం, పప్పు, మరునాడు చారు, కోడిగుడ్డు. తిండికి నెలకు ఒక్కొక్కరికి 130 పౌండ్లు దాటదు. బయట ఒక్క పూట తింటే 10 పౌండ్లు, అంటే 1,150 రూపాయలు. కుళాయి నీళ్లు నేరుగా తాగవచ్చు, సీసా నీళ్లు కొననవసరం లేదు.

మెస్ లైనులో నిలబడడం, పది మందితో గది పంచుకోవడం, ఉన్న రెండు జతలను ఉతుక్కుని తొడుక్కోవడం, టైముకు లేవడం మనకు హాస్టల్ నేర్పింది. ఇంట్లో ముద్దుగా పెరిగి వచ్చినవారు మొదటి నెలంతా ఏడుస్తుంటే, మనకు అవేమీ కొత్తగా ఉండవు. ఒకటి మాత్రం కొత్త. ఇక్కడ వార్డెన్ లేరు. తరగతికి వెళ్లకపోతే ఎవరూ లేపరు. జ్వరం వస్తే ఎవరూ అడగరు. మనమే నోరు తెరిచి అడగాలి.

అందుకే దిగిన వారంలోనే దగ్గరలోని జి.పి. అనే డాక్టరు వద్ద పేరు నమోదు చేసుకోండి. ఆరోగ్య సర్‌చార్జి ముందే కట్టాం కాబట్టి డాక్టరును చూడడం ఉచితం. మందులకు మాత్రం చీటీలోని ఒక్కొక్క మందుకు 9.90 పౌండ్లు. ఆదాయం తక్కువని దరఖాస్తు పెట్టుకుంటే అందులోనూ మినహాయింపు పొందవచ్చు. ప్రాణాపాయమైతే 999కి, అంత కాకపోతే 111కి ఫోను చేయాలి. ఇంటినుండి బయలుదేరేటప్పుడు పళ్లు మాత్రం చూపించుకుని రండి. ఇక్కడ పంటి వైద్యం కష్టం, ఖరీదు.

తరగతి గది

ఇక్కడ ప్రొఫెసరును పేరుపెట్టి పిలుస్తారు. మనకు నోరు రాదు. నేను మొదటి రెండు నెలలు "ప్రొఫెసర్" అనే పిలిచాను, ఎవరూ తప్పుపట్టలేదు. ప్రశ్న అడగకపోవడం వినయం కిందకు రాదు, చదవలేదని అనుకుంటారు.

మార్కులు చూసి భయపడవద్దు. పి.జి.లో 50 వస్తే పాసు, 60 దాటితే మెరిట్, 70 దాటితే డిస్టింక్షన్. మన ఊళ్లో 62 వస్తే బాధపడతాం, ఇక్కడ అది మంచి మార్కు. కంఠస్థం చేసింది వ్రాస్తే మార్కులు రావు. పుస్తకంలోని వాక్యం పేరు చెప్పకుండా వ్రాస్తే దొంగతనం కింద లెక్క. ఎవరి మాట ఎక్కడిదో చెప్పి, దానితో మనం ఎందుకు ఒప్పుకుంటామో, ఎందుకు ఒప్పుకోమో వ్రాయాలి. హాజరు తగ్గితే విశ్వవిద్యాలయం ప్రభుత్వానికి తెలియజేయాలి. పని కోసం తరగతి ఎగ్గొట్టేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

తెలుగు మీడియంలో చదివినవారికి ఉచ్చారణ అర్థం కావడానికి నెలా రెండు నెలలు పడుతుంది. విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు వ్రాతకు ఉచిత తరగతులు ఉంటాయి. సిగ్గుపడకుండా వెళ్లండి. చైనా, నైజీరియా నుండి వచ్చినవారూ మన పక్కనే కూర్చుంటారు.

ఇంటిపేరు ఏమిటి?

ఇది వ్రాయాలా వద్దా అని ఆలోచించాను. వ్రాయాలనే నిర్ణయించుకున్నాను. ఇంగ్లండులో తెల్లవాళ్లు కులం అడగరు. మనవాళ్లు అడుగుతారు. నేను ఒక గది చూడడానికి వెళితే అక్కడి తెలుగు విద్యార్థి ముందు ఊరు అడిగాడు, తరువాత ఇంటిపేరు అడిగాడు, తరువాత ఏ కాలేజీ, ఏ హాస్టల్ అని అడిగాడు. సాయంత్రం ఫోను చేసి గది వేరేవారికి ఇచ్చేశామన్నాడు. వారం తరువాత కూడా ఆ గది ఖాళీగానే ఉంది.

దీనిపై ఇక్కడి చట్టం సంగతి తెలుసుకోండి. 2010 సమానత్వ చట్టంలో కులం అనే మాటను చేర్చాలని 2013లో పార్లమెంటు ప్రభుత్వానికి బాధ్యత పెట్టింది. 2018లో ప్రభుత్వం చేర్చబోమని, కోర్టు తీర్పులు చాలని చెప్పింది. ఆ తీర్పు ఏమిటంటే, భారతదేశం నుండి తెచ్చి ఇంటిపనికి పెట్టుకున్న ఒక ఆదివాసీ స్త్రీ తన యజమానులపై వేసిన కేసు. 2014 డిసెంబరులో అప్పీలు ట్రిబ్యునల్, కులం జాతి మూలం అనే అర్థంలోకి రావచ్చునని చెప్పింది. 2015లో ఆమెకు రావలసిన జీతం బాకీ కింద 1,83,774 పౌండ్లు ఇవ్వాలని తీర్పు వచ్చింది. ఆమె ఇంటిపని చేసుకునే మనిషి. అయినా వదిలిపెట్టలేదు.

ప్రతి తెలుగువాడూ అలా ఉండడు. నా ఇప్పటి ఇంట్లో ఐదుగురం ఐదు రకాలవాళ్లం, ఒకే గిన్నెలో అన్నం వండుకుంటున్నాం. నేను చెప్పేది ఒక్కటే. ఎవరైనా అడిగితే ఏ హాస్టల్లో చదివామో తల ఎత్తి చెప్పండి. ఆ జవాబు విని గది ఇవ్వనివారితో కలిసి ఉండనవసరమే లేదు.

మరి దారి ఏది?

మనకంటే ముందు వెళ్లిన పెద్దలు ఎలా వెళ్లారో చూడండి. చిత్తూరు పక్కన కట్టమంచిలో 1880లో పుట్టిన కట్టమంచి రామలింగారెడ్డిగారు ప్రభుత్వ స్కాలర్‌షిప్పు మీద కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలలో చదివారు. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్ ఆయనే.

బాబాసాహెబ్ అంబేద్కర్ బరోడా మహారాజు స్కాలర్‌షిప్పుతో 1913లో అమెరికాకు, 1916లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు వెళ్లారు. 1917లో స్కాలర్‌షిప్పు గడువు ముగిసేసరికి అంతటి మేధావి కూడా చదువు మధ్యలో ఆపి తిరిగి రావలసివచ్చింది. బొంబాయిలో సిడెన్‌హాం కాలేజీలో ప్రొఫెసరుగా పనిచేసి, జీతం మిగిల్చి, కొల్హాపూర్ షాహూ మహారాజు సహాయం, స్నేహితుని వద్ద కొంత అప్పు తీసుకుని 1920లో మళ్లీ వెళ్లారు. 1923లో డి.ఎస్సీ. పట్టా పొందారు. అంటే ఆయన కూడా ముందు డబ్బు సమకూర్చుకున్నారు, తరువాతే ఓడ ఎక్కారు.

ఈనాడు మనకున్న ముఖ్యమైన దారి నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్. 1954-55 నుండి ఉన్న ఈ పథకాన్ని కేంద్ర సామాజిక న్యాయ శాఖ నడుపుతుంది. సంవత్సరానికి 125 మందికి ఇస్తారు, అందులో 115 షెడ్యూల్డు కులాలకు. మిగిలినవి సంచార జాతులకు, భూమిలేని వ్యవసాయ కూలీలకు, సంప్రదాయ చేతివృత్తులవారికి. ముప్పై శాతం అమ్మాయిలకు. షెడ్యూల్డు తెగలవారికి గిరిజన వ్యవహారాల శాఖ వేరే పథకం ఉంది.

కావలసినవి ఇవి. వయసు 35 లోపు, కుటుంబ ఆదాయం సంవత్సరానికి 8 లక్షల లోపు, డిగ్రీలో 60 శాతం మార్కులు, క్యూ.ఎస్. ర్యాంకుల్లో మొదటి 500లో ఉన్న విశ్వవిద్యాలయంలో సీటు. ఇచ్చేవి ఇవి. పూర్తి ఫీజు, బ్రిటన్‌లో ఖర్చులకు సంవత్సరానికి 9,900 పౌండ్లు, పుస్తకాలు మొదలైనవాటికి 1,116 పౌండ్లు, వీసా ఫీజు, విమాన ఛార్జీలు. నెలకు 825 పౌండ్లతో లెస్టర్ వంటి ఊళ్లో బతకవచ్చు. నేను బతుకుతున్నాను. లండన్‌లో అయితే చాలా కష్టం. మధ్యరకం ఊరు ఎంచుకోమనడానికి ఇదే కారణం.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. 2025లో ఎంపికైన 106 మందిలో మొదట 40 మందికే ఉత్తర్వులు ఇచ్చి, నిధులను బట్టి మిగతావారికి ఇస్తామన్నారు. అందుకని ఈ ఒక్కదాని మీదే ఆధారపడవద్దు. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే కామన్వెల్త్ స్కాలర్‌షిప్పులు, రెండేళ్ల ఉద్యోగ అనుభవం ఉన్నవారికి చీవ్‌నింగ్, ఆక్స్‌ఫర్డ్, రెడింగ్ వంటి చోట్ల భారతీయ విద్యార్థులకు ఫెలిక్స్ స్కాలర్‌షిప్పులు ఉన్నాయి. రాష్ట్ర ప్రభుత్వ విదేశీ విద్య పథకం ప్రభుత్వాలతోపాటు పేరూ నియమాలూ మార్చుకుంటూ వస్తోంది. ఇప్పటి ఉత్తర్వు ఏమిటో సాంఘిక సంక్షేమ శాఖ కార్యాలయంలో అడిగి కాగితం చూసి తెలుసుకోండి.

వీటన్నిటికీ సిద్ధపడడం ఇంటర్‌లోనే మొదలుపెట్టాలి. డిగ్రీ మొదటి సంవత్సరం నుండే 60 శాతం తగ్గకుండా చూసుకోండి. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ పత్రాలలో, పదో తరగతి మార్కుల జాబితాలో, పాస్‌పోర్టులో పేరు, ఇంటిపేరు ఒకే విధంగా ఉండేటట్లు ఇప్పుడే సరిచేయించుకోండి. ఒక్క అక్షరం తేడాకు నెలలు పోతాయి. రోజుకు ఒక పేజీ ఇంగ్లీషు చదివి, అర పేజీ సొంతంగా వ్రాయండి. స్కాలర్‌షిప్పు రాకపోతే కుంగిపోవద్దు. మన దేశంలో సెంట్రల్ యూనివర్సిటీలున్నాయి. అక్కడ పి.జి. చేసి మరుసటి సంవత్సరం మళ్లీ ప్రయత్నించవచ్చు. వయసు 35 వరకు ఉంది, తొందరలేదు.

ఇంగ్లండు ఎక్కడికీ పోదు. అమ్మానాన్నల పేర ఉన్న ఆ రెండు గదుల ఇల్లు పోతే మాత్రం మళ్లీ రాదు. లెక్క చూసుకుని, ధైర్యంగా రండి. వచ్చేముందు ఏ సందేహం ఉన్నా మన హాస్టల్ పూర్వ విద్యార్థులను అడగండి. మాకు చెప్పేవారు లేకపోయారు. మీకు మేమున్నాం.